అమ్మమ్మ మంచం పట్టెతో ఎలక్ట్రిక్ గిటార్ – మొదలుపెట్టాను, సలహాలు కావాలి

గోదారిగట్టు (రాజమండ్రి)
4 జనవరి, రాత్రి 9:20

అందరికీ నమస్కారం. పాలిటెక్నిక్ మూడో ఏడు చదువుతున్నాను. మా అమ్మమ్మ వాళ్ల పెంకుటిల్లు మొన్న కార్తీకంలో విప్పేశారు. సామానంతా పశువుల పాకలో పడుంది. అందులో ఒక నవారు మంచం ఉంది. కోళ్లు పుచ్చిపోయాయి గానీ పట్టెలు రెండూ గట్టి టేకు, ఒక్కోటి ఆరడుగుల పైనే. పొయ్యిలోకి పనికొస్తాయని మావయ్య అన్నాడు. నాకు మనసొప్పలేదు. వాటిని అడిగి తెచ్చుకున్నాను.

వాటితోపాటు వంటింటి తలుపు రెక్క ఒకటి, తాతయ్య ట్రాన్సిస్టర్ రేడియో (మోగదు), పొలం మోటారు స్టార్టర్ డబ్బా, కాగితం చిరిగిన స్పీకర్లు రెండు, పాత స్విచ్‌బోర్డుల హైలం షీట్లు, తుప్పు పట్టిన సైకిలు కూడా వచ్చాయి.

వీటితో ఎలక్ట్రిక్ గిటార్ చేద్దామని ఉంది. క్వీన్ బ్యాండ్ గిటారిస్టు బ్రయాన్ మే సంగతి చదివినప్పటి నుంచీ ఈ ఆలోచన వదలడం లేదు. 1963లో ఆయనకి 16 ఏళ్లు. వాళ్ల నాన్నతో కలిసి పాత పొయ్యి గట్టు మీది మహాగని చెక్కతో గిటార్ మెడ, పాత ఓక్ బల్ల చెక్కతో ఒళ్లు చేసుకున్నాడు. ట్రెమొలోకి (స్వరాన్ని ఊపే మీట) పాత మోటార్‌సైకిల్ వాల్వు స్ప్రింగులు, మెడ మీద చుక్కలకి ముత్యపుచిప్ప గుండీలు వాడాడు. జీవితమంతా వేదికల మీద ఎక్కువగా వాయించింది ఆ గిటారే. 2002లో బకింగ్‌హామ్ ప్యాలెస్ డాబా ఎక్కి వాయించిందీ దాన్నే.

మంచం పట్టె గిటార్ మెడకి ఆగుతుందా? స్టార్టర్ కాయిల్లో రాగి తీగ పికప్‌కి (తీగల అదురుని కరెంటుగా మార్చే అయస్కాంతపు చుట్ట) పనికొస్తుందా? ఈ రెండూ తేలితే పని మొదలుపెడతాను.

చిత్రిక (పాలకొల్లు)
4 జనవరి, రాత్రి 10:05

తమ్ముడూ, మాది మూడు తరాల వడ్రంగం. అంత పాత టేకు ఇప్పుడు డబ్బు పెట్టినా దొరకదు. అన్నేళ్లు ఇంట్లో ఆరిన కర్ర ఇక వంకర తిరగదనుకుంటారు. మంచం పట్టె సంగతి మాత్రం వేరు. నవారు బిగించి బిగించి లాగేసరికి రెండు పట్టెలూ లోపలికి వంగుతాయి. మనిషి బరువుకి కిందికి కూడా దిగుతాయి. ముందు పట్టె ఈ చివర నుంచి ఆ చివరికి దారం బిగించి కట్టి, మధ్యలో ఎంత ఖాళీ వస్తుందో చూడు. రెండో పక్కకి తిప్పి అలాగే ఇంకోసారి చూడు.

ఇంకో మాట. రంపం పెట్టే ముందు స్పీకర్ అయస్కాంతం ఒకటి తీసుకుని పట్టె పొడుగునా రుద్దు. దోమతెర మేకులు లోపల విరిగి ఉంటాయి. చిత్రిక పదును ఒక్క దెబ్బకి పోతుంది.

గోదారిగట్టు
5 జనవరి, సాయంత్రం 6:40

చూశానన్నా. మధ్యలో 7 మిల్లీమీటర్లు వంగి ఉంది. ఒక మేకు కూడా దొరికింది. మీరు చెప్పినట్టే దోమతెరది!

చిత్రిక
5 జనవరి, రాత్రి 8:15

7 అంటే ఫరవాలేదు. నీకు కావాల్సింది మూడడుగులే కాబట్టి వంపు తక్కువున్న చివర తీసుకో. దాన్ని పొడుగునా రెండుగా చీల్చు. ఒక ముక్కని తలకిందులు చేసి రెండూ వెన్నూ వెన్నూ కలిసేట్టు ఫెవికాల్‌తో అతికించు. ఒకటి ఇటు వంగుదామంటే రెండోది అటు లాగుతుంది. కట్లు వేసి రెండు రోజులు కదపకు. తర్వాత కావాల్సిన కొలత కన్నా నాలుగైదు మిల్లీమీటర్లు ఎక్కువుంచి చెక్కి, పది రోజులు గోడకి ఆనించి వదిలెయ్యి. లోపలి బిగువు పోయాక కర్ర ఎటు తిరగాలో తిరుగుతుంది. తర్వాతే ఆఖరి చిత్రిక పట్టాలి. ఈ పది రోజులు ఓపిక పట్టలేకే చాలామంది మెడలు పాడుచేసుకుంటారు.

లెక్కలసారు (అనంతపురం)
5 జనవరి, రాత్రి 9:02

ఆరు తీగలు శృతికి బిగిస్తే మెడ మీద పడే లాగుడు సుమారు 45 కిలోలు. ఒక సిమెంటు బస్తాకి కొంచెం తక్కువ. అది రాత్రీ పగలూ లాగుతూనే ఉంటుంది. ఉత్త కర్ర మీద భారం వెయ్యకు నాయనా, లోపల ఇనుము పెట్టు.

తీగ పొడవు మామూలుగా ఉండే 648 మిల్లీమీటర్ల బదులు 610 పెట్టుకుంటే అదే తీగ, అదే శృతికి లాగుడు తొమ్మిదింట ఒక వంతు తగ్గుతుంది. నువ్వు చెప్పిన బ్రయాన్ మే గిటార్‌ది కూడా 24 అంగుళాలే, అంటే దాదాపు 610.

గోదారిగట్టు
6 జనవరి, ఉదయం 7:30

అయితే 610 ఖాయం చేస్తున్నాను సార్. ఇనుముకి వంటింటి కిటికీలోది 12 మిల్లీమీటర్ల వెడల్పు, 6 మిల్లీమీటర్ల మందం పట్టీ దొరికింది. మెడలో గాడి తీసి, పట్టీని అంచు మీద నిలబెట్టి ఆరాల్డైట్‌తో కూర్చుతాను.

రేడియోబాబాయి (గుంటూరు)
6 జనవరి, మధ్యాహ్నం 2:10

బాబూ, నేను 40 ఏళ్లు రేడియోలు, ఆంప్లిఫయర్లు బాగుచేశాను. పికప్ సంగతి నాకు వదిలెయ్యి.

స్టార్టర్లో నో-వోల్ట్ కాయిల్ ఉంటుంది చూడు, అది విప్పు. తొందరపడితే తీగ తెగుతుంది. పైన వార్నిష్ పట్టి ఉంటే ఎండలో కాసేపు పెట్టు, మెత్తబడుతుంది. తీగ మందం కొలవడానికి మైక్రోమీటర్ అక్కర్లేదు. పెన్సిల్ మీద 50 చుట్లు పక్కపక్కనే ఖాళీ లేకుండా చుట్టి, ఆ వెడల్పుని స్కేలుతో కొలిచి 50తో భాగించు.

గోదారిగట్టు
7 జనవరి, రాత్రి 8:50

50 చుట్లు ఐదున్నర మిల్లీమీటర్లు వచ్చాయి బాబాయ్. అంటే 0.11.

రేడియోబాబాయి
7 జనవరి, రాత్రి 9:35

పైన ఎనామిల్ పోగా రాగి 0.10 అనుకో. కంపెనీ పికప్‌లో వాడేది 0.063 తీగ, వెంట్రుక లాంటిది. అది 8,000 చుట్లు దాకా పడుతుంది, మీటర్ పెడితే 6 కిలో ఓమ్‌ల దగ్గర చూపిస్తుంది. నీ తీగ మందం కాబట్టి అదే జాగాలో 3,500 చుట్లే పడతాయి, రెసిస్టెన్స్ ఒక కిలో ఓమ్ దగ్గర ఉంటుంది. శబ్దం సగానికి తగ్గుతుంది.

దిగులుపడకు, దీనిలో నీకు ఒక లాభం ఉంది. 8,000 చుట్ల పికప్‌కి 250 కిలో ఓమ్‌ల వాల్యూమ్ కంట్రోల్ కావాలి. ట్రాన్సిస్టర్ రేడియోలోది 10 కిలో ఓమ్‌లదో, ఎక్కువైతే 50దో ఉంటుంది. దాన్ని అలాంటి పికప్‌కి తగిలిస్తే పై స్వరాలన్నీ చచ్చిపోయి, దుప్పటి కప్పినట్టు వినిపిస్తుంది. నీ పికప్ ఒక కిలో ఓమ్‌దే కాబట్టి మీ తాతయ్య రేడియో నాబ్ దానికి సరిగ్గా అతుకుతుంది. తగ్గిన శబ్దాన్ని ముందు ఒక ట్రాన్సిస్టర్ పెట్టి పెంచుకుందాం. గిటార్ విద్వాంసుడు లెస్ పాల్ అంతటివాడు కూడా చుట్లు తక్కువున్న పికప్‌లనే ఇష్టపడ్డాడు, స్వరం శుభ్రంగా ఉంటుందని.

చువ్వలబండి (వరంగల్)
7 జనవరి, రాత్రి 10:20

అన్నా మస్తు పని షురూ చేసినవ్. ఫ్రెట్లకు (మెడ మీది మెట్లు) పైసలు పెట్టకు. నీ దగ్గర సైకిల్ ఉన్నదంటివి కదా, దాని చువ్వలు తీస్కో. చువ్వ మందం 2 మిల్లీమీటర్లు ఉంటది. సగం కర్రల దింపి సగం పైకి ఉంచితే 1 మిల్లీమీటరు ఎత్తు వస్తది, దుకాణంల అమ్మే ఫ్రెట్ ఎత్తు కూడ అంతే. నేను మూడు తీగలది ఒకటి గిట్లనే చేసిన, నాలుగేండ్లయింది, ఒక్క చువ్వ గుడ ఊడలే.

రంపంతోని గీత కోసి, మూడు పలకల ఆకురాయితోని వెడల్పు చెయ్యాలె. చువ్వను అద్దం మీద దొర్లించి చూడు, ఏడన్న వంకరుంటే ఎగురుతది. గరుకు కాగితంతోని మెరుపంత పోయేదాక రుద్దినంకనే ఆరాల్డైట్ పెట్టు. నున్నగున్న ఇనుముకు అది పట్టదు.

ఆంప్లిఫయర్ కోసం ఫికర్ చెయ్యకు. మా తాత వాల్వ్ రేడియో ఒకటి నడుస్తున్నది, దాని ఎన్క గ్రామఫోన్ పిన్ను పెట్టే తొర్రలు ఉన్నయి. అండ్ల పెడితే గిటార్ మంచిగ మోగుతది. నువ్వు గూడ గసొంటిది దేవులాడుకో.

రేడియోబాబాయి
7 జనవరి, రాత్రి 10:48

వరంగల్ బాబూ, ఆ రేడియోకి గిటార్ తగిలించవద్దు. రేపు పొద్దున కూడా తగిలించవద్దు. ముందు ఇది చదువు.

వాల్వ్ రేడియోల్లో రెండు రకాలు. ఒకదానిలో మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. రెండోది ఏసీ-డీసీ సెట్టు, దానిలో ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. గోడ ప్లగ్గు నుంచి వచ్చే రెండు తీగల్లో ఒకటి నేరుగా లోపలి ఇనప చాసిస్‌కే కలిపి ఉంటుంది. రెండు కాళ్ల ప్లగ్గు తిరగేసి పెడితే చాసిస్ మొత్తం 230 వోల్టులు. చెక్కపెట్టె, ప్లాస్టిక్ నాబులు ఉండబట్టి వినేవాళ్లకి ఏమీ కాలేదు. గిటార్ విషయం అలా కాదు. కేబుల్ పై అల్లిక చాసిస్‌కి కలుస్తుంది, అల్లిక బ్రిడ్జికి (ఒళ్లు మీద తీగలు ఆనే ఇనుము), బ్రిడ్జి తీగలకి. నీ పది వేళ్లూ ఆ తీగల మీదే ఉంటాయి. కింద తడి గచ్చు ఉంటే ఇక చెప్పనక్కర్లేదు.

వెనక అట్ట తీసి వాల్వుల మీద అక్షరాలు చూడు (ప్లగ్గు పీకేసి, ఒక గంట ఆగి). యూ అక్షరంతో మొదలైతే అది ఏసీ-డీసీ సెట్టు. ఈ తో మొదలైనవి మామూలుగా ట్రాన్స్‌ఫార్మర్ సెట్లు. అయినా లోపలి కండెన్సర్లలో 250 వోల్టుల పైన నిలవ ఉంటుంది, చెయ్యి పెట్టొద్దు. మా ఊళ్లో ఒక పెళ్లి మేళంలో ఇలాంటి సెట్టుకి మైకు తగిలించి కుర్రాడు పడిపోవడం నేను కళ్లారా చూశాను. దేవుడి దయవల్ల బతికాడు. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను, ఏమీ అనుకోకు.

చువ్వలబండి
8 జనవరి, ఉదయం 6:55

పొద్దుగాల లేవంగనే చూసిన బాబాయ్. యూ తోనే ఉన్నయి, నాలుగు వాల్వులు. రెండేండ్ల సంది దానికే పెట్టి వాయిస్తున్న. చేతులు వణుకుతున్నయి. తీగ పీకి పక్కన పెట్టిన. మీకు దండం.

రేడియోబాబాయి
8 జనవరి, ఉదయం 7:20

బతికించావు నాయనా. రేడియోని రేడియోలాగే వినండి, అది మంచి సెట్టు. గిటార్‌కి ఇద్దరూ బండి బ్యాటరీ మీద నడిచే 810 బోర్డు (చిన్న ఆంప్లిఫయర్) కట్టుకోండి. 12 వోల్టులు, గోడ కరెంటుతో సంబంధమే ఉండదు.

బిరడ (విజయనగరం)
9 జనవరి, సాయంత్రం 5:15

నేను వీణ వాయిస్తాను. గిటార్ గురించి పెద్దగా తెలియదు గానీ, మెట్ల సంగతి వచ్చింది కాబట్టి రాస్తున్నాను. మా దగ్గర బొబ్బిలి వీణ చేసే గొల్లపల్లి వాళ్లు పనసకర్ర వాడతారు. వీణకి 24 మెట్లు. వాటిని కర్రలో దింపరు, మైనంలో నిలబెడతారు. ఒక్కో మెట్టు దగ్గర తీగ మీటి, చెవితో విని, అటూ ఇటూ జరిపి స్వరం కుదిరాక ఆపుతారు. ఎండాకాలం మైనం మెత్తబడి మెట్టు కదిలితే మళ్లీ సరిచేయించుకుంటాం. నీకు ఆ వెసులుబాటు లేదు బాబూ, ఒకసారి కోస్తే కోసినట్టే. అందుకని చువ్వ ముక్కలు అంటించే ముందు దారంతో మెడకి కట్టి, ఒక్క తీగ బిగించి వాయించి చూసుకో. చెవి ఒప్పుకున్నాక కొయ్యి.

లెక్కలసారు
9 జనవరి, రాత్రి 8:00

అమ్మ చెప్పింది బంగారం. చెవితోపాటు లెక్క కూడా పెట్టుకో. మిగిలిన తీగ పొడవుని 17.817తో భాగిస్తే తర్వాతి ఫ్రెట్ ఎంత దూరమో వస్తుంది. 610కి మొదటిది 34.24. ఐదోది 153.02, ఏడోది 202.87, పన్నెండోది కచ్చితంగా సగం, 305. పన్నెండోది 305 రాకపోతే ఎక్కడో తప్పు జరిగిందని అర్థం.

గోదారిగట్టు
24 జనవరి, రాత్రి 9:45

ఇన్నాళ్లూ రాయలేదు. మెడ అతికించి, చిత్రిక అన్న చెప్పినట్టు పది రోజులు గోడకి ఆనించాను. నిజంగానే ఒకటిన్నర మిల్లీమీటరు మెలి తిరిగింది. అప్పుడు సరిచేశాను. ఒళ్లు తలుపు చెక్కే, రెండు పొరలు అతికించి 42 మిల్లీమీటర్ల మందం చేశాను.

ఫ్రెట్ల దగ్గర మాత్రం దెబ్బ తిన్నాను. లెక్క సరిగ్గానే వేశాను. ఒక ఫ్రెట్ గీత గీసి, అక్కడి నుంచి తర్వాతిది కొలుచుకుంటూ పోయాను. తొమ్మిది గాళ్లు కోశాక అనుమానం వచ్చి పన్నెండోదాని దాకా గీసి చూస్తే 308 వచ్చింది. ఎక్కడ తప్పానో రెండు రోజులు అర్థం కాలేదు. పెన్సిల్ ములుకు అరిగిపోయి గీత మందమైంది. నేను ప్రతిసారీ గీత అవతలి అంచు నుంచి కొలిచాను. ఒక్కోదానికి పావు మిల్లీమీటరు చొప్పున, పన్నెండు కలిసి మూడు మిల్లీమీటర్లు. చాలా బాధేసింది. ఇప్పుడు ఏం చెయ్యాలి?

లెక్కలసారు
24 జనవరి, రాత్రి 10:10

పన్నెండో ఫ్రెట్ దగ్గర 3 మిల్లీమీటర్లంటే 17 సెంట్లు, అర్ధస్వరంలో ఆరో వంతు. ఎవరి చెవికైనా తగులుతుంది, వదిలెయ్యలేం. ఇకపై అన్ని కొలతలూ నట్ (మెడ పై చివర తీగలు ఆనే పట్టీ) దగ్గరి నుంచే తియ్యి. స్కేలు ఒక్కసారి పెట్టు, మళ్లీ కదపకు. అప్పుడు ఒక గీత తప్పినా ఆ ఒక్కటే తప్పుతుంది, దాని తప్పు పక్కదానికి అంటదు.

చిత్రిక
24 జనవరి, రాత్రి 10:30

గాళ్లు కోసింది మెడలోనా, పైన వేరే పలక వేశావా? పలక అయితే ఏడవాల్సిన పని లేదు. ఇస్త్రీపెట్టె వేడి చేసి తడిగుడ్డ మీద నుంచి ఆనించు, ఫెవికాల్ మెత్తబడుతుంది. పల్చటి కత్తి దూర్చి లేపెయ్యి. రెండో పట్టె ఉంది కదా, దాన్నుంచి ఇంకో పలక తీసుకో.

గోదారిగట్టు
29 జనవరి, రాత్రి 8:30

పలకేనన్నా. ఊడొచ్చింది. రెండో పట్టెలోంచి 6 మిల్లీమీటర్ల పలక చీల్చాను. ఈసారి పొడుగాటి కాగితం మీద అన్ని గీతలూ నట్ నుంచే గీసి, ఆ కాగితాన్ని పలకకి అంటించి దాని మీద నుంచే కోశాను. బిరడ గారు చెప్పినట్టు ముందు దారంతో ఐదు, ఏడు, పన్నెండు కట్టి చూశాను. పన్నెండు దగ్గర వేలు ఆనీ ఆనకుండా మీటితే వచ్చే స్వరం, నొక్కి మీటితే వచ్చే స్వరం ఒక్కటే అయ్యాయి! అర్ధరాత్రి అయింది, అమ్మని లేపి వినిపించాను.

నట్ దగ్గర కూడా ఒక చువ్వ పెట్టాను. తీగల ఎత్తు దాని మీదే నిలుస్తుంది కాబట్టి నట్‌లో గాళ్ల లోతు గురించి తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు. బ్రయాన్ మే గిటార్‌కి కూడా ఇలా జీరో ఫ్రెట్ ఉంది.

ఆస్టిన్‌లో_తెనాలి (టెక్సాస్)
30 జనవరి, ఉదయం 5:50

ఇక్కడి నుంచి రోజూ చదువుతున్నాను. మీరు చేస్తున్న పనికి ఈ దేశంలో పెద్ద చరిత్రే ఉంది. మిసిసిపీ పల్లెల్లో నల్లజాతి పిల్లలు చీపురు కట్టిన ఇనప తీగ విప్పి, ఇంటి గోడకి రెండు మేకులు కొట్టి బిగించి, కింద సీసా దూర్చి, ఇంకో సీసా ముక్కతో జారుస్తూ వాయించేవాళ్లు. డిడ్లీ బో అంటారు. బ్లూస్ వాయించిన ఎందరికో మొదటి వాయిద్యం ఆ గోడే. ఇక్కడ చెక్క సిగార్ (చుట్టల) పెట్టెలతో చేసే గిటార్లకి ఇప్పటికీ పోటీలు పెడతారు.

ఒక సలహా: తీగలు కొనేటప్పుడు ఎలక్ట్రిక్ గిటార్‌వే అడుగు. మాగ్నెట్ పికప్‌కి ఇనుమో నికెలో ఉండాలి. కంచు చుట్టిన అకూస్టిక్ తీగలు వేస్తే పై రెండు గట్టిగా, కింది నాలుగు పీలగా వినిపిస్తాయి. నైలాన్ అయితే అసలు పలకదు.

గోదారిగట్టు
11 ఫిబ్రవరి, రాత్రి 10:15

పికప్ చుట్టేశాను. మూడు రాత్రులు పట్టింది. హైలం షీట్‌తో పైనా కిందా రెండు పలకలు కోసి, మూడంగుళాల మేకుల తలలూ మొనలూ కోసి ఆరు కడ్డీలు నిలబెట్టాను. మేకుల చుట్టూ టేపు ఒక పొర వేశాకే తీగ చుట్టాను. కింద స్పీకర్ అయస్కాంతం ముక్కలు, అన్నీ ఒకే ముఖం పైకి.

చుట్టడానికి అమ్మ కుట్టు మిషన్ చక్రం వాడాను. లెక్కకి కాలిక్యులేటర్. 1 + నొక్కి, ఆ తర్వాత = నొక్కిన ప్రతిసారీ ఒకటి పెరుగుతుంది కదా. ఆ = మీట వెనక రెండు తీగలు తీసి రీడ్ స్విచ్‌కి (అయస్కాంతం దగ్గరికొస్తే కలిసే స్విచ్) కలిపాను, చక్రానికి చిన్న అయస్కాంతం అంటించాను. చక్రం ఒక్కసారి తిరిగితే అంకె ఒకటి పెరుగుతుంది. కుట్టు మిషన్ చప్పుడు, పక్కన అంకెలు మారడం, రెండు వేళ్ల మధ్య నుంచి రాగి తీగ గోరువెచ్చగా జారడం, ఆ మూడు రాత్రులూ నాకు గుర్తుండిపోతాయి.

2,140 దగ్గర తీగ తెగింది. ఎనామిల్ గీకి, మెలేసి, సోల్డర్ పెట్టి, చిన్న టేపు ముక్క కప్పి మళ్లీ మొదలుపెట్టాను. మొత్తం 3,480. మీటర్ 1.08 కిలో ఓమ్‌లు చూపించింది బాబాయ్!

రేడియోబాబాయి
11 ఫిబ్రవరి, రాత్రి 10:40

నా లెక్క తప్పలేదు, నీ చెయ్యీ తప్పలేదు. ఇప్పుడు కొవ్వొత్తి మైనంలో ముంచాలి. మైనం గిన్నెని నేరుగా పొయ్యి మీద పెట్టకు, అంటుకుంటుంది. పెద్ద గిన్నెలో నీళ్లు కాచి, అందులో చిన్న గిన్నె పెట్టి కరిగించు. 65 డిగ్రీలు దాటనివ్వకు. పికప్‌ని అందులో దించితే బుడగలు వస్తాయి. అవి ఆగేదాకా ఉంచి తీసెయ్యి. తీగ చుట్లు లోపల కదలకుండా గట్టిపడతాయి. లేకపోతే శబ్దం పెంచినప్పుడు పికప్ కీచుమంటుంది.

గోదారిగట్టు
22 ఫిబ్రవరి, రాత్రి 11:30

మోగింది!! కానీ ఒక సమస్య. అన్నీ బిగించి, 810 బోర్డుకి బ్యాటరీ పెట్టి వాయించాను. స్వరం గంటలా ఉంది. వెనకాలే బుయ్యిమని ఆగని మోత. జాక్ (కేబుల్ దూర్చే తొర్ర) ఇనుము ముట్టుకుంటే సగం తగ్గుతుంది. తీగలు ముట్టుకుంటే ఏ తేడా లేదు. బ్రిడ్జికి పాత తలుపు బందు వాడాను, దాని కిందికి ఎర్త్ తీగ కూడా లాగాను.

రేడియోబాబాయి
22 ఫిబ్రవరి, రాత్రి 11:42

నువ్వే చెప్పేశావు జవాబు. జాక్ ముట్టుకుంటే తగ్గి, తీగలు ముట్టుకుంటే తగ్గలేదంటే, ఎర్త్ బ్రిడ్జి దాకా వచ్చి బ్రిడ్జికి కలవలేదన్నమాట. ఆ బందుకి రంగు ఉందా? పాత తలుపు బందులకి నాలుగైదు పూతలు రంగు ఉంటుంది. మీటర్ ఒక పిన్ను తీగ మీద, రెండోది జాక్ మీద పెట్టి చూడు.

అలాగే పికప్ కూర్చున్న గుంత లోపలంతా వంటింటి అల్యూమినియం రేకు అంటించు. దానికి సోల్డర్ పట్టదు, వాషర్ వేసి మరతో ఎర్త్ తీగని బిగించు. మిగిలేది మన ఇళ్ల కరెంటు 50 హెర్ట్జ్ మోత, పికప్ ఒక్కటే ఉన్నంతకాలం కొంచెం ఉంటుంది.

గోదారిగట్టు
23 ఫిబ్రవరి, మధ్యాహ్నం 1:05

బందు కింద ఆకుపచ్చ రంగు, దాని కింద నీలం, దాని కింద సున్నం! ఆకురాయితో తళతళలాడేదాకా గీకాను. తీగ మీద చెయ్యి వెయ్యగానే మోత ఠక్కున పడిపోయింది.

చువ్వల మీద తీగలు రెండుచోట్ల చిటపటలాడుతుంటే అద్దానికి గరుకు కాగితం అంటించి, ఫ్రెట్ల మీద మార్కర్ పూసి, రంగు అన్నింటి మీదా సమానంగా పోయేదాకా రుద్దాను. ఖర్చు తేలింది: బిరడలు, తీగలు, జాక్, 810 బోర్డు, ఆరాల్డైట్, అన్నీ కలిపి 1,640 రూపాయలు. మిగతాదంతా పాకలోదే.

బిరడ
23 ఫిబ్రవరి, సాయంత్రం 6:20

మీ అమ్మమ్మగారు చూశారా?

గోదారిగట్టు
23 ఫిబ్రవరి, రాత్రి 9:10

ఇవాళే తీసుకెళ్లానండి. కళ్లు సరిగ్గా కనబడవు ఆవిడకి. ఒళ్లో పెడితే మెడ వెనక చెయ్యి పోనిచ్చి తడుముతూ ఉంది. తొమ్మిదో ఫ్రెట్ వెనక దోమతెర మేకు బెజ్జం ఉంది, దాన్ని నేను పూడ్చలేదు, అంచులు నున్నగా రుద్ది వదిలేశాను. వాయించేటప్పుడు బొటనవేలు అక్కడికొస్తే తెలుస్తుంది. ఆవిడ వేలు అక్కడ ఆగింది. “ఇది నా తలవైపు మేకు. మీ అమ్మ పుట్టినప్పుడు మీ తాత కొట్టాడు” అంది. తర్వాత తీగ మీటి, ఇంకోసారి మీటి, “గట్టిగా పెట్టు, వినబడటం లేదు” అంది. రేడియో నాబ్ ఆవిడ చేతే తిప్పించాను.

చిత్రిక
23 ఫిబ్రవరి, రాత్రి 9:25

ఆ బెజ్జం ఎప్పటికీ పూడ్చకు తమ్ముడూ.

రేడియోబాబాయి
24 ఫిబ్రవరి, ఉదయం 8:00

కాయిల్‌లో తీగ ఇంకా మిగిలిందా బాబూ? రెండో పికప్ చుట్టు. ఈసారి అయస్కాంతాలు తిరగేసి పెట్టి, తీగని కూడా వ్యతిరేక దిశలో చుట్టు. రెండూ కలిపి మోగించినప్పుడు స్వరాలు కలుస్తాయి, 50 హెర్ట్జ్ మోత ఒకదానికొకటి కొట్టేసుకుని పోతుంది.

గోదారిగట్టు
24 ఫిబ్రవరి, ఉదయం 8:15

సగానికి పైనే ఉంది బాబాయ్. అమ్మ ఈ వారం జాకెట్లు కుట్టాలంది, మిషన్ ఆదివారం ఖాళీ అవుతుంది. హైలం ఇవాళే కోస్తాను.